మధువనంలో మైనపు ముద్దలు

చాలాకాలంగా వ్రాయాలనుకొంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. తేనెలో పండ్లు కలిపి పులియబెట్టే పానీయం గురించి. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి ఈ వయసులో ఇదేం బుద్ధి అని మిత్రులు నవ్వుకొంటే నాకేమీ అభ్యంతరం లేదు. కల్లు గాని, సారా గాని నేనింతవరకు నోట పెట్టినవాణ్ణి కాను. అయినా ఈ విషయంలో ఒక పిల్లవాడికి నేను సమాధానం బాకీ పడి ఉన్నాను. ఆ బాకీ వయసు మూడున్నర దశాబ్దాలు దాటింది.

1988. నాటి నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. ఎనిమిదవ తరగతికి సుందరకాండ కథ చెబుతున్నాను. సీతమ్మ జాడ తెలిసిన ఆనందంలో వానరులు సుగ్రీవుని మధువనంలో చొరబడడం, అంగదుడి అనుమతితో మధువు త్రాగడం, కావలి ఉన్న దధిముఖుణ్ణి, సాక్షాత్తు సుగ్రీవుని మేనమామను, పట్టుకొని కొట్టడం, మత్తెక్కి కొందరు పాడడం, కొందరు పడి నిద్రపోవడం. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ మంచి ఊపు మీద ఉన్నాను. అంతలో వెనుక బల్ల మీది నుండి ఒకడు లేచాడు.

“సారూ, తేనె తాగితే నిషా ఎట్ల ఎక్కుతది? తేనె పులువది గద!”

వాడు కల్లు గీసే ఇంటి పిల్లవాడు. తరగతి మళ్ళీ నవ్వింది, ఈసారి వాడిని చూసి. రామాయణాన్ని కల్లు దుకాణం దాకా ఈడుస్తున్నాడని నాకు కోపం వచ్చింది. చేయి చాపమని బెత్తంతో ఒకటి వేసి కూర్చోబెట్టాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. అమరకోశం కంఠస్థం, గురుబాలప్రబోధిక చేతిలో. ‘మధు’ శబ్దానికి తేనె, మద్యం, వసంతం, చైత్రమాసం అని అర్థాలు గడగడా చెప్పగలిగేవాణ్ణి. తేనెకూ మద్యానికీ ఒకే మాట ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం నాకు ఒక్కనాడూ తట్టలేదు. తట్టినవాడికి బెత్తం దెబ్బ తగిలింది.

ఆ తరువాత ఎప్పుడో మూలం మళ్ళీ తీసి చూస్తే వాడి ప్రశ్న నేననుకొన్నదానికన్న పదునైనదని తెలిసింది. వాల్మీకి మధువనంలో కుండలు లేవు. వానరులు ద్రోణమంత తేనెపట్టులను చేతులతో ఎత్తుకొని త్రాగుతారు. త్రాగాక మిగిలిన మైనపు ముద్దలతో ఒకరినొకరు కొట్టుకొంటారు. మైనం ఉన్నదంటే అది పట్టులోని తేనెయే గాని పులిసిన మద్యం కాదు. తేనెటీగలు మూత వేసి ముగించిన తేనెలో నీరు నూటికి పదిహేడు, పద్దెనిమిది పాళ్ళకు మించదు. మిగిలినదంతా దాదాపు చక్కెరే. అంత చిక్కని చక్కెరలో ఏ సూక్ష్మజీవీ ఒళ్ళు విరుచుకోలేదు. అందుకే తేనె ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీరు ఇరవై పాళ్ళకు చేరితే గాని అది పులియడం మొదలుపెట్టదు. మరి వానరులకు మత్తు ఎక్కడిది?

నా మట్టుకు తోచిన సమాధానం ఇది. కవి నోట ఆ మాటలో రెండర్థాలూ ఒకేసారి పలికాయి. పట్టు నుండి పిండినదీ మధువే, కుండలో పులిసినదీ మధువే. మైనం మొదటి అర్థానిది, మత్తు రెండవ అర్థానిది. అయితే ఇది వ్యాకరణం చదివినవాడి సమాధానం. ఆ రెండర్థాల నడుమ ఒక కుండ ఉంది, ఆ కుండలో పండ్లు ఉన్నాయి. వాటి సంగతి నాకు చెప్పింది మళ్ళీ ఆ పిల్లవాడే.

ముందు మాట సంగతి ముగిస్తాను. మన మధువుకు దూరదేశాలలో దాయాదులు చాలామంది. ఆంగ్లేయుల మీడ్ అంటే తేనె మద్యం. లిథువేనియా వారికి మెదుస్ అంటే తేనె, మిదుస్ అంటే తేనెతో చేసిన మద్యం. రష్యనులకు మ్యోద్ అన్న ఒక్క మాటే రెంటికీ సరిపోతుంది. చైనీయులు తేనెను మీ అంటారు. అది మధ్య ఆసియాలోని తుఖారీ భాష నుండి వెళ్ళిన మాటేనని పండితుల నిర్ణయం. ఇక అసలైన విశేషం గ్రీకు భాషలో ఉంది. అక్కడ మెథు అంటే తేనె కాదు, ద్రాక్ష మద్యం. తేనెటీగ వద్ద బయలుదేరిన మాట పండు వద్దకు వెళ్ళి కూర్చొంది. ఇది గ్రీకుల వింత అనుకొంటే పొరపాటే, మన దగ్గరా అదే జరిగింది. కొంచెం ఆగితే అక్కడికి వస్తాను.

గత సంక్రాంతికి వాడు మా ఇంటికి వచ్చాడు. వాడు అనకూడదు, ఇప్పుడు అమెరికాలో పెద్ద ఉద్యోగి, యాభై దాటినవాడు. కాని నాకు వాడే. మాటల మధ్యలో చెప్పాడు, ఇంట్లో తేనె మద్యం చేయడం తనకు అలవాటని. అక్కడ అమ్ముకోకుండా ఇంటి వాడకానికి చేసుకొంటే కేంద్ర చట్టం ఒప్పుకొంటుందట. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే 200. (మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇది చదివి ఎవరూ వంటింట్లో కుండ పెట్టవద్దని మనవి.)

“తేనె పులువది అని నువ్వే కదరా అన్నావు!” అన్నాను.

వాడికి గుర్తుంది. నవ్వాడు. “నీళ్ళు కలిపితే పులుస్తది సార్. కాని ఒక్క తేనె, నీళ్ళు అయితే సతాయిస్తది. పండు పడాలె.”

వాడు విడమరచి చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. తేనెలో చక్కెర సమృద్ధిగా ఉంది గాని, ఈస్టుకు చక్కెర ఒక్కటే చాలదు. బెల్లం ముక్క చేతిలో పెట్టి పిల్లవాణ్ణి పెంచలేం కదా. ఈస్టు పెరగడానికి నైట్రోజన్ కావాలి, లవణాలు కావాలి. ఇవి తేనెలో బహు స్వల్పం. పైగా పులుస్తున్నకొద్దీ పులుపు తీవ్రమై, దాన్ని తట్టుకొనే ఖనిజాలు ద్రవంలో లేక, పని మధ్యలో ఈస్టు చతికిలబడుతుంది. వాడి మొదటి ప్రయత్నం అలాగే నెలల తరబడి సాగి, అటు తీపీ ఇటు మత్తూ కాకుండా చెడిందట. రెండవసారి సుమారు నాలుగు లీటర్ల ద్రవానికి కిలోంబావు తేనె, కిలోకు పైగా నల్లద్రాక్ష వేశాడు. మర్నాటికే బుడగలు. ద్రాక్ష తన వెంట ఈస్టుకు తిండి తెచ్చింది, లవణాలు తెచ్చింది, పులుపు తెచ్చింది, తొక్కలోని వగరు తెచ్చింది. ఆ వగరు లేకపోతే పానీయం నాలుక మీద చప్పగా జారిపోతుందని వాడి తీర్పు. ఈ రోజుల్లో ఈస్టు పొట్లాలలో కొంటారు. పొట్లాలు లేని కాలంలో పండు తోలును అంటుకొని ఉండే ఈస్టులే ఆ పనీ చేసి ఉండాలి.

పండు ఎప్పుడు వేయాలన్నది వాడి లెక్కలో పెద్ద సమస్య. మొదటే వేస్తే పులుపు చురుగ్గా సాగుతుంది గాని, పైకి ఎగసే వాయువుతో పాటు పండు పరిమళమూ ఎగిరిపోతుంది. తొలి ఉధృతి తగ్గాక వేస్తే పరిమళం నిలుస్తుంది. అందుకని వాడు కొంత ముందు, కొంత వెనుక వేస్తాడు. పండ్లను ముందుగా గడ్డకట్టించి కరిగిస్తే లోపలి అరలు పగిలి రసం సులువుగా దిగుతుంది. ఉడికిస్తే మాత్రం ద్రవం మసకబారి ఎన్నాళ్ళకూ తేటపడదు. పండ్లు పైకి తేలి మీగడలా కట్టుకొంటాయి. రోజూ రెండుసార్లు వాటిని లోపలికి నొక్కకపోతే పైభాగం ఆరి బూజు పడుతుంది. పులియడం ముగియకముందే సీసాకు బిగించి మూత పెడితే సీసా పేలుతుంది. ఒకసారి వాడి వంటగది పైకప్పు దాకా నేరేడు రంగు చిమ్మిందట.

వింటూంటే నాకు పురావస్తు శాస్త్రజ్ఞుల వార్తలు ఒక్కొక్కటిగా గుర్తుకు రాసాగాయి. చైనాలో హెనాన్ ప్రాంతపు జియాహు అనే నవీన శిలాయుగపు ఊరిలో దొరికిన కుండ పెంకులను పాట్రిక్ మెక్‌గవర్న్ బృందం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. సుమారు తొమ్మిది వేల ఏళ్ళ నాటి ఆ కుండలలో వరి, తేనె, వాటితో పాటు ద్రాక్ష గాని, హాథార్న్ అనే ఎర్రని చిరుపండు గాని, లేక రెండూ గాని కలిపి పులియబెట్టిన పానీయం ఉండేదని తేలింది. రసాయన పరీక్షతో నిరూపితమైన మద్యాలలో అతి ప్రాచీనమైన వాటిలో ఇదొకటి. అంత పురాతనమైన కుండలోనే తేనె పక్కన పండు ఉంది చూడండి! తేనెలో పండు కలపడం నిన్నమొన్నటి నాగరికుల రుచుల పిచ్చి అనుకొనేవాళ్ళకు ఇదే సమాధానం.

ఇంకొక ముచ్చట. తొమ్మిది వేల ఏళ్ళ తరువాత కుండలో తేనె జాడ ఎలా తెలుస్తుంది? చక్కెర ఎప్పుడో మాయమై ఉంటుంది. మిగిలేది మైనం. తేనెను ఎంత వడగట్టినా అందులో తేనెపట్టు మైనం లేశమాత్రం ఉండిపోతుంది. అది కుండ మట్టిలో ఇంకి యుగాలు నిలుస్తుంది. ద్రాక్ష వంటి పండ్ల ఉనికిని టార్టారిక్ ఆమ్లం పట్టిస్తుంది. వానరులు ఒకరి మీద ఒకరు విసురుకొన్న మైనపు ముద్దలే శాస్త్రజ్ఞులకు సాక్ష్యం చెప్పాయన్న మాట. ఇది చదివిననాడు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

టర్కీలోని గోర్డియాన్‌లో 1957లో తెరిచిన రాజసమాధి కథ కూడా ఇటువంటిదే. మైదాస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ సమాధిలోని కంచు పాత్రల అడుగున ద్రాక్ష మద్యం, యవల మద్యం, తేనె మద్యం కలగలిసిన జాడలు దొరికాయి. నా మనసును ఎక్కువగా పట్టినది మాత్రం డెన్మార్క్‌లో ఎగ్‌ట్వెడ్ అనే చోట 1921లో బయటపడిన ఒక అమ్మాయి సమాధి. క్రీ.పూ. 1370 ప్రాంతంలో, పదహారు పద్దెనిమిదేళ్ళ వయసులో చనిపోయిన పిల్ల. ఓక్ దుంగను తొలిచి చేసిన పెట్టెలో ఆమెను పడుకోబెట్టి, కాళ్ళ దగ్గర భూర్జపత్రపు బెరడుతో చేసిన చిన్న బాల్చీ ఉంచారు. అందులో గోధుమ, తేనె, సువాసన ఆకు, ఎర్రని అడవి పండ్లు కలిపి పులియబెట్టిన పానీయపు అడుగు మిగిలి ఉంది. చనిపోయిన బిడ్డకు దారి బత్తెంగా ఆ ఇంటివాళ్ళు ఇచ్చినది అది.

పోలండు వారు ఈ విద్యను ఈనాటికీ లెక్క తప్పకుండా నిలుపుకొన్నారు. ఒక పాలు తేనెకు అర పాలు ద్రవమైతే ఒక పేరు, ఒక పాలైతే ఇంకొకటి, రెండైతే మరొకటి, మూడైతే నాలుగవది. కొన్ని రకాలలో నీటికి బదులు కొంత పండ్ల రసం పోస్తారు. ఆ నాలుగు పేర్లకూ 2008లో ఐరోపా సమాఖ్య సంప్రదాయ ఉత్పత్తులుగా గుర్తింపు ఇచ్చింది.

ఇక మన ఇంటికి వద్దాం. కౌటిల్యుని అర్థశాస్త్రం శామశాస్త్రిగారి చేతుల మీదుగా 1909లో అచ్చయింది. అందులో రెండవ అధికరణంలో సురాధ్యక్షుని ప్రకరణం ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలను చెప్పి ఆయన కొలతలు కూడా ఇస్తాడు. ఆసవానికి వెలగపండు ఒక తులం, అంటే 100 పలాలు. ఫాణితం, అంటే చిక్కగా కాచిన చెరకు పాకం, 500 పలాలు. తేనె ఒక ప్రస్థం. ఈ పాళ్ళకు పాదం పెంచితే ఉత్తమం, పాదం తగ్గిస్తే తక్కువ రకం. నిజం చెప్పాలంటే ఇందులో పెత్తనం చెరకు పాకానిదే, తేనె చుట్టపుచూపుగా వచ్చింది. దీన్ని తేనె మద్యమని పిలవడం న్యాయం కాదు. కాని పండు, తేనె ఒకే కుండలోకి దిగాయి, ఆ పండు మన పెరటి వెలగ. పచ్చడికీ, వినాయకుడి నైవేద్యానికీ తప్ప వెలగకు వేరే చరిత్ర ఉందని నేను పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. మైరేయంలో వేసే దినుసులలో త్రిఫలాలున్నాయి. సురలలో మామిడి పేరుతో సహకారసుర అని ఒకటుంది.

మరి ఆరవదైన మధువు? తేనెతో చేసినదే అయి ఉండాలి కదా! కాదు. ద్రాక్షరసమే మధువు అని కౌటిల్యుని నిర్వచనం. అది పుట్టిన చోటును బట్టి కాపిశాయనమనీ, హారహూరకమనీ పేర్లు. కాపిశి అంటే నేటి కాబూలుకు ఉత్తరాన బెగ్రాం ప్రాంతం. ఆ ఊరి పేరు నుండి కాపిశాయన శబ్దం సాధించడానికి పాణిని ఒక సూత్రమే వ్రాశాడు, నాలుగవ అధ్యాయం రెండవ పాదంలో 99వది. వృత్తికారులు దానికిచ్చిన ఉదాహరణలు మధువు, ద్రాక్ష. విద్యార్థిగా ఆ సూత్రం వల్లించాను, ప్రత్యయం గుర్తుపెట్టుకొన్నాను, ద్రాక్షను వదిలేశాను. గ్రీకుల మెథు ఎలా తేనె నుండి ద్రాక్షకు వెళ్ళిందో, మన మధువూ అలాగే వెళ్ళింది. పండు మొదట తేనెకు సాయంగా కుండలో చేరింది, తరువాత కుండంతా తానే అయింది, చివరకు పేరు కూడా పుచ్చుకొంది అని నా ఊహ. దీనిని ఊహగానే తీసుకోండి.

అదే ప్రకరణంలో ఇంకొక చిన్న నియమం ఉంది. గృహస్థులు శుభకార్యాలకు శ్వేతసురను, మందు కోసం అరిష్టాన్ని, మరొకదాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. ఉత్సవాలలో, జాతరలలో, యాత్రలలో నాలుగు రోజుల పాటు మద్యం విషయంలో సడలింపు. అణా పైసలతో సహా సుంకం పిండే కౌటిల్యుడు కుటుంబి వాకిట మాత్రం ఆగాడు. అమెరికా వారి గ్యాలన్ల లెక్క విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

అచ్చమైన తేనె మద్యం కావాలంటే చరకుని దగ్గరకు వెళ్ళాలి. గ్రహణి చికిత్సలో ఆయన మధ్వరిష్టం చెప్పాడు. కొత్త కుండకు లోపల పిప్పలి, తేనె పూసి, అగరు పొగ పట్టించి, ఒక ఆఢకం తేనెకు సమానంగా నీరు పోసి, మందు చూర్ణాలు వేసి నిలవబెట్టమన్నాడు. సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఆసవాలు 84 అని లెక్క కట్టాడు. ధాన్యాలతో 6, వేళ్ళతో 11, చెట్ల చేవతో 20, పూలతో 10, కాడలతో 4, బెరడుతో 4, ఆకులతో 2, చక్కెరతో 1. పండ్లతో ఎన్ని అనుకొన్నారు? 26! అన్నిటికన్న పెద్ద వర్గం పండ్లదే. ఆ పట్టిక చదువుతూంటే ఏ తెలుగు పల్లెకైనా పొలిమేర దాకా నడిచి వచ్చినట్లుంటుంది. నేరేడు, వెలగ, ఉసిరి, కరక్కాయ, పనస, మేడి, మర్రి, రావి, జువ్వి, సారపప్పు చెట్టు, ఖర్జూరం, ద్రాక్ష. రేగులో అయితే కువలం, బదరం, కర్కంధువు అని మూడు రకాలు వేరువేరుగా లెక్కపెట్టాడు. మన పిల్లలు గంగరేగు, చిట్టిరేగు అని విడదీసినట్లే.

తరువాతి కాలపు శార్ఙ్గధరుడు వైద్యులకు ఒక కొండగుర్తు ఇచ్చాడు. కొలత చెప్పని అరిష్టాలలో ఒక ద్రోణం ద్రవానికి ఒక తులం బెల్లం, బెల్లంలో సగం తేనె, పదవ వంతు దినుసులు. ఓషధులను కాచి చేస్తే అరిష్టం, కాచకుండా చేస్తే ఆసవం. ఇటువంటి కుండలలో వైద్యులు ధాతకీ పుష్పాలు వేయడం విరివిగా కనిపిస్తుంది. ఆ పూలను అంటి ఈస్టు ఉంటుందని ఈ కాలపు పరీక్షలు చెబుతున్నాయి. వైద్యుడు ఈస్టు పేరెరుగడు, పూవునెరుగును.

మా అమ్మమ్మ నిష్ఠాపరురాలు, మడి తడి తప్పనిది. రోజూ రాత్రి భోజనమయ్యాక రెండు చెంచాల ద్రాక్షారిష్టం నీళ్ళలో కలుపుకొని పుచ్చుకొనేది. నాకూ జలుబు చేస్తే ఒక చెంచాడు పోసేది. ఆ మందుల సీసాల మీద స్వయంగా పుట్టిన ఆల్కహాలు ఇంత శాతమని ఇప్పుడు అచ్చువేస్తున్నారు. కల్లు గాని, సారా గాని నోట పెట్టలేదని మొదట్లో వ్రాశాను. ఆ వాక్యం నిజమే గాని, దాన్ని వ్రాసిన గొంతులోని గర్వాన్ని కొంచెం తగ్గించి చదువుకోవలసిందిగా ప్రార్థన.

వాడు వెళ్ళబోయే ముందు అడిగాను, ఆనాడు నీకెలా తెలుసురా తేనె పులవదని. వాడు చెప్పాడు. వాళ్ళ నాయన చెట్టు నుండి దించిన కల్లు ప్రొద్దున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులిసేది. పసిపిల్లలకని తియ్యటి నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి కట్టేవాడు. సున్నం లేని పాత లొట్టిలో చుక్క పడితే చాలు, దానంతటదే పులిసేది. అదే ఇంట్లో ఒక సీసాలో తేనె ఉండేది, ఎన్ని ఎండాకాలాలు గడిచినా అలాగే ఉండేది. రెండూ చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ అనుమానం రాక ఏమవుతుంది?

“దెబ్బ సంగతి ఇంట్లో చెప్పావా?” అన్నాను.

“చెప్పిన సార్. నాయన ఏమనలే. నవ్విండు. ‘మీ సారును ఒకపారి చెట్టు కాడికి తోల్కరాకపోయినవా, లొట్టి చూపిద్దును’ అన్నడు.”

ఆ తాటితోపు మా బడికి అర మైలు కూడా ఉండేది కాదు.